మా అవ్వ వందో ఫారం

మా అవ్వ సంతకం పెడితే చాలు, అమరావతిలో స్కాలర్‌షిప్ ఫైలు దానంతటదే లేచి కుందుర్పి బస్సెక్కుతుందని ఊళ్లో వాళ్లకు చెప్పింది నేనే.

అవ్వ పేరు సువర్ణమ్మ, మా నాయన తల్లి. టీచరుగా రిటైరై, అరవై రెండేళ్ల వయసులో పీహెచ్‌డీ చేస్తోంది. ఫీజు సాయం ఉండి కూడా పిల్లలు కాలేజీ ఎందుకు మానేస్తున్నారన్నది ఆమె పరిశోధన. మానేసిన వంద మందితో ఫారాలు నింపించాలి. నెలాఖరులోగా ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దేనని గైడు తేల్చేశాడు. ఆమెను స్కూటరు మీద తిప్పేది నేను. డిగ్రీ మధ్యలో మానేసినదానికి ఇంతకంటే పెద్ద ఉద్యోగం ఎవరిస్తారు?

నా మాట పుణ్యమా అని మర్నాడు సగం కుందుర్పి ఆధార్ జెరాక్సులతో వచ్చి నిలబడింది. కుళ్లాయప్ప అనే రైతు సొంత ట్రాక్టరు దిగి, "ఆదాయం సున్నా అని రాయమ్మా. మా బిడ్డ పేరు పైన పెట్టు" అన్నాడు.

"ఇది పథకం కాదప్పా, నా చదువు."

"ఈ వయసులో చదువేందమ్మా! దుడ్లు ఎప్పుడు పడతాయో చెప్పు, చాలు. నీ మనవరాలే చెప్పింది కదా?"

అవ్వ నా వైపు చూసిన చూపుకి నేను స్కూటరు వెనక నక్కాను.

ఆ రోజు నింపిన ఇరవై ఫారాలూ అబద్ధాలే. అవ్వ అన్నీ చింపేసింది. "ఇంగ నోరు తెరిస్తే బండి దింపేస్తా" అంది. బండేమో నాది! తర్వాత రెండు వారాలు ముదిగుబ్బ దాకా ఎండలో తిరిగాం. నేను నోరు మూసుకున్నాను, ఫారాలు తొంభై తొమ్మిది అయ్యాయి. గడువు రేపే.

"ఒగటే కదవ్వా, నువ్వే నింపేయ్. గైడుకేం తెలుస్తాది?" అన్నాను.

అవ్వ ఆ ఫారం నా ముందుకు తోసింది. పైన నా పేరు, అర్చన అని, అప్పటికే రాసి ఉంది. ఎందుకు మానేశారన్నచోట 'చదువంటే ఇష్టం లేదు' అని గీకాను. మూడేళ్లుగా అందరికీ చెబుతున్న మాటే. నిజానికి సర్కారు ఫీజు సాయం పడలేదని కాలేజీ వాళ్లు హాల్ టికెట్ ఇవ్వలేదు. చెబితే అవ్వ తన పింఛను తెచ్చి కడుతుందని నోరు మెదపలేదు.

అవ్వ చదివి కళ్లజోడు తీసింది.

"కుళ్లాయప్ప అబద్ధమే చింపినా, నీదొక లెక్కా? నీతో చదివినోళ్ల ఫారాల్లో చూసినాలే, ఆ హాల్ టికెట్ సంగతి రాయే, గాడిదా!"