చక్రం నేల తాకేముందు

ఆమదాలవలసలో ఈశ్వరి మ్యాచింగ్ సెంటర్ తెలియని ఆడమనిషి లేదు. చీర చెంగు పట్టుకుని వెలుగులోకి ఒక్కసారి తిప్పి చూసిందంటే చాలు, దానికి సరిపోయే జాకెట్టు గుడ్డ ఏ అరలో ఉందో ఈశ్వరి చేతికి తెలిసిపోతుంది. పదిహేడేళ్ళ కిందట పుట్టింటివాళ్ళు పెట్టిన రెండు గాజులు అమ్మి, ఒక మేడ మెట్ల కింద బీరువా పట్టేంత జాగాలో మొదలుపెట్టిన కొట్టు అది. పనిచేసే రైసు మిల్లు మూతపడ్డాక భర్త మురళీమోహన్ కూడా అందులోనే చేరాడు. చేరి తొమ్మిదేళ్ళయింది. ఇప్పటికీ చిలకపచ్చకీ ఆకుపచ్చకీ తేడా ఏమిటని అడిగితే, రెండూ పచ్చే కదా అంటాడు. మనిషి మంచివాడే. కానీ అతన్నొక్కణ్ణీ కొట్లో వదిలేస్తే నెల తిరక్కుండా బోర్డు దించుకోవాలి.

అందుకే ఆ ఏడు, అంటే 2017 వానాకాలంలో, శ్రీకాకుళం ఎముకల డాక్టరు ఈశ్వరి నడుం ఫోటోని లైటుకి ఎదురుగా పెట్టి, డిస్కు జారింది, ఈ కుదుపులు ఇలాగే ఉంటే ఇంటిపట్టున పడుకోవాల్సిందే అన్నప్పుడు, ఆమెకు ముందు నడుం కాదు, కొట్టు గుర్తొచ్చింది. ఇల్లేమో అరసవల్లిలో. రోజూ పోనూ రానూ గోతుల రోడ్డు. ఆటో ఎక్కితే నడుం రెండు ముక్కలవుతుంది, బస్సులో నిలబడే ఓపిక లేదు. ఇక ఉన్నది పదకొండేళ్ళ తెల్ల డీజిల్ కారు. ఆ కారుకి ముందు ఎడమ చక్రం దగ్గర టకటకమని చప్పుడు. గోతిలో పడ్డప్పుడల్లా ఆ చప్పుడు నేరుగా ఆమె వెన్నులోకి వచ్చి దిగేది.

అరసవల్లి రోడ్డు మీద షెడ్డు నడిపే మెకానిక్ ఎర్రన్న కారు కింద దూరి చూసి, బుష్‌లు పోయాయన్నాడు. చక్రాన్ని పట్టి ఉంచే ఇనప చెయ్యి ఒకటి ఉంటుందిట. అది కారుకి అతుక్కునే చోట, లోపలొక ఇనప గొట్టం, బయటొక ఇనప గొట్టం, మధ్యలో రబ్బరు. గోతి దెబ్బ అంతా ఆ రబ్బరు తినాలి. అది చిరిగితే మనం తినాలి. పిడికిలంత కూడా లేని ఆ రబ్బరు ముక్క గురించి తర్వాతి ఆర్నెల్లూ ఇంట్లో మహాయుద్ధం నడుస్తుందని ఆ పూట ఈశ్వరికి తెలియదు.

మురళీమోహన్‌ది ఒకటే మాట. మనది రేసు కారు కాదు, మామూలు రబ్బరు బుష్‌లు వేస్తే చాలు. ఈశ్వరి తమ్ముడు ప్రదీప్‌ది ఇంకో మాట. విజయనగరంలో బైకుల షోరూంలో పనిచేసే ప్రదీప్‌కి కార్లంటే పిచ్చి. రబ్బరు పాత కాలం సరుకు, పీయూ బుష్‌లని గట్టి ప్లాస్టిక్ లాంటివి ఉంటాయి, పసుపు రంగులో, ఆన్‌లైన్‌లో తెప్పిస్తాను, జన్మలో మళ్ళీ మార్చక్కర్లేదన్నాడు. ఖరీదు ఆరు రెట్లు. బావగారు పిసినారి అని తమ్ముడూ, బావమరిది కోతలరాయుడని భర్తా, ఇద్దరూ విడివిడిగా ఈశ్వరి చెవిలో ఊదేవారు. ఇద్దరిలో ఎవరూ ఆమెను నడుం ఎలా ఉందని అడగలేదు. అడిగినా అది బుష్ మాటకి ముందుమాటే.

సరే, మొదటిసారి మురళీమోహన్ మాటే నెగ్గింది. మామూలు రబ్బరు బుష్‌లు కొన్నారు. ఎర్రన్న కారుని జాకీ మీద ఎత్తి పాతవి ఊడదీసి కొత్తవి ఎక్కించాడు. ఎక్కించి, బోల్టులు సగం బిగించి, ఇక దించుతానమ్మా, మిగతాది కింద బిగిస్తాను అన్నాడు. ఈశ్వరి వల్లకాదంది.

దానికి కారణముంది. కారు కొన్న కొత్తలో ఒకడు పంక్చరు వేసి, బోల్టులు సగం బిగించి, కారు దించాక ఎవరితోనో మాటల్లో పడి మిగతాది మరిచిపోయాడు. నాగావళి వంతెన దాటీ దాటకముందే చక్రం ఊడి కారుకంటే ముందు దొర్లుకుంటూ పోయింది. ప్రాణాలు దక్కాయి. ఆ రోజునుంచీ ఈశ్వరి ఒక నియమం పెట్టుకుంది. పని పూర్తయ్యేదాకా చక్రం నేల తాకకూడదు. తాకడం కూడా ఉత్త నేల కాదు, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. పని ముగించుకున్న బండి నిమ్మకాయల మీద దిగి, వాటిని తొక్కుకుంటూ ముందుకి కదలాలి. షెడ్డుకి వచ్చినప్పుడల్లా ఆమె సంచిలో నాలుగు నిమ్మకాయలు ఉండేవి. ఎర్రన్న రెంచి చేత్తో పట్టుకుని ఆమె మొహంలోకీ నిమ్మకాయలవైపూ చూశాడు. తర్వాత మారుమాట్లాడకుండా కారు కింద దూరి, గాల్లో ఉండగానే అన్నీ బిర్రుగా బిగించేశాడు. నిమ్మకాయలు చితికాయి. కారు మెత్తగా వెళ్ళింది.

రెండు నెలలు. సరిగ్గా రెండు నెలలకి మళ్ళీ టకటక.

ఆ బుష్‌ల కంపెనీ మంచిది కాదన్నాడు మురళీమోహన్. ఇంకో కంపెనీవి తెచ్చాడు. మళ్ళీ షెడ్డు, మళ్ళీ జాకీ, మళ్ళీ నిమ్మకాయలు. ఈసారి ఏడు వారాలు. ఈలోగా ప్రదీప్ వాట్సాప్‌లో వీడియోలు పంపడం మొదలుపెట్టాడు. ఎక్కడో పరదేశంలో ఎవడో గడ్డంవాడు పసుపు బుష్ పట్టుకుని గంటసేపు మాట్లాడతాడు. కొట్లో ఫాల్స్ అడిగిన మనిషికి అస్తరు గుడ్డ కొలిచి ఇచ్చింది ఈశ్వరి, ఆ వీడియోల ధ్యాసలో. తల ప్రాణం తోకకొచ్చి, నీ ఇష్టం వచ్చినవే తెచ్చి తగలెయ్యరా అంది తమ్ముడితో.

అతను తెచ్చాడు. ఎర్రన్న వాటిని గోటితో నొక్కి చూసి పెదవి విరిచాడు. అయినా వేశాడు. నిమ్మకాయలు మామూలే. కారుని ప్రదీపే నడిపి చూపించాడు. మలుపులో గీత గీసినట్టు తిరుగుతోంది చూడు బావా అన్నాడు. తిరిగిన మాట నిజమే. కానీ ఈ దారిలో మలుపులెన్ని, గోతులెన్ని. చక్రం కింద గులకరాయి పడితే ఆ రాయి సైజు ఎంతో ఈశ్వరి నడుం చెప్పగలిగేది. నాలుగో రోజు కొట్టుముందు కారు దిగబోయి, దిగలేక, తలుపు పట్టుకుని అలాగే వంగిపోయింది.

మూడు రోజులు మంచం మీద. ఆ మూడు రోజులూ కొట్టు మురళీమోహన్ చేతిలో. పెళ్ళివారొకరు ఇరవై రెండు చీరలు తెచ్చి, అతను తీసిచ్చిన గుడ్డలు చూసి, అమ్మగారు లేరా అని అడిగి, చీరలు మూటకట్టుకుని వెళ్ళిపోయారు. ఆ సంగతి అతనే చెప్పాడు, దాచుకోలేక. ఈశ్వరికి ఏడుపొచ్చింది. ఏడిస్తే నడుం నొప్పి. గోడవైపు తిరిగి పడుకుని భర్తని, తమ్ముణ్ణి, ఎర్రన్నని, రబ్బరు కనిపెట్టినవాణ్ణి, ప్లాస్టిక్ కనిపెట్టినవాణ్ణి పేరుపేరునా తిట్టుకుంది. ఒక్క రబ్బరు ముక్క సరిగ్గా ఎంచలేని ఇంతమంది మగవాళ్ళ మధ్య తను ఎలా బతుకుతోందో ఆమెకు అర్థం కాలేదు.

నాలుగో రోజు నడుంకి బెల్టు కట్టుకుని కొట్టుకి వచ్చింది. మధ్యాహ్నం కూర్మమ్మ వచ్చింది. చుట్టుపక్కల మళ్ళలో నాట్లకీ కోతలకీ వెళ్ళే మనిషి, పాత ఖాతాదారు. జాకెట్టు ఒకటి కౌంటరు మీద పడేసింది. కుడి చంక దగ్గర చిరిగింది. ఇలాటివి మూడు చిరిగాయిట, అన్నీ అక్కడే, అన్నీ కుడిచెయ్యే. ఈసారి బాగా గట్టి గుడ్డ కావాలంది, ఖరీదైనా సరే.

ఈశ్వరి చిరుగు మీద వేలు పెట్టి చూసింది. గుడ్డ బాగానే ఉంది. కుట్టూ బాగానే ఉంది.

"గుడ్డ తప్పు కాదే కూర్మమ్మా," అంది. "సెయ్యి కిందకి దించి కొలతిచ్చావు. మడిలో సెయ్యెత్తి పని సేస్తన్నావు. నువ్వు ఏ తీరున పని సేస్తావో ఆ తీరున నిలబడి కొలతివ్వాల. లేదంటే ఇనప గుడ్డ కుట్టినా అక్కడే సిరుగుతాది."

చెప్పాక చిరుగుని మళ్ళీ ఒకసారి తిప్పి చూసింది. తన మాట తనకే ఎక్కడో తగిలింది.

బండిలోంచి తీసిన ప్రతి పాత సామానూ ఎర్రన్న బండివాళ్ళకే తిరిగి ఇచ్చేస్తాడు, మార్చినట్టు రుజువుగా. ఈశ్వరి దేన్నీ పారేసే రకం కాదు. కారు వెనక సీటు కింద కవరులో ఉన్న పాత బుష్‌లు తెప్పించి కౌంటరు మీద జతలుగా పేర్చింది. మొదట కారుతో వచ్చినవి రబ్బరు ఎండి, పగిలి, పొడి రాలుతున్నాయి. పదకొండేళ్ళు పనిచేసి ముసలివై పోయినవి అవి. తర్వాత వేసిన రెండు జతలూ అలా లేవు. రబ్బరు కొత్తగా నిగనిగలాడుతోంది. ఒకే వైపు, ఒకే వాటంలో, మెలిపెట్టి లాగినట్టు చిరిగింది. కంపెనీలు వేరు, చిరుగు ఒకటే. కూర్మమ్మ జాకెట్టు పక్కనే ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు, కిందకి దించి బిగిస్తానని, తను వల్లకాదంటే రెంచి చేత్తో పట్టుకుని తన మొహంలోకి చూసిన ఎర్రన్న. ఇన్నాళ్ళూ అందరినీ తిట్టిపోసిన నోటితోనే, రేపు షెడ్డుకి వెళ్దాం అంది మొగుడితో.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ షెడ్డుకి వెళ్ళారు. ఈశ్వరి పాత బుష్‌లు అతని బల్ల మీద పెట్టి, ఇవి గాల్లో బిగించడం వల్ల చిరిగాయా అని అడిగింది. ఎర్రన్న చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు.

"మరేటమ్మా. ఎత్తినప్పుడు ఆ ఇనప సెయ్యి కిందకి ఏలాడతాది. అప్పుడు బిగిస్తే రబ్బరు అలాగే పట్టుకుంటాది. బండి దించగానే సెయ్యి పైకి లేస్తాది, రబ్బరు మెలి తిరుగుతాది. రోజూ ఆ మెలి మీదే నడుస్తాది. దించి, మడుసులు కూకున్నాక బిగించాల. మొదటి దినమే దించుతానని సెప్పాను."

"మళ్ళీ ఎందుకు సెప్పలేదు?"

"నిమ్మకాయలు మీరు ఎట్టారు. సెంటిమెంటు మీద రెండోపాలి ఏటి సెప్తాం."

ఈశ్వరికి ఒళ్ళు మండింది. చెప్పాల్సినవాడు ఒక్కసారి చెప్పి ఊరుకున్నందుకు మండింది. విననందుకు తన మీద తనకి ఇంకా ఎక్కువ మండింది. ఆర్నెల్ల నొప్పి, మంచం, వెళ్ళిపోయిన పెళ్ళివారు, అన్నీ తను సంచిలో పెట్టుకుని మోసుకొచ్చినవే. పసుపువి తీసెయ్యి, మామూలు రబ్బరువే వెయ్యి, నీకెలా తెలిస్తే అలా బిగించు, బోల్టులు మాత్రం చివర్న నా కళ్ళముందు ఇంకోసారి పట్టి చూడు అంది.

బుష్‌లు ఎక్కించి ఎర్రన్న కారుని దించాడు. బోల్టులింకా వదులుగానే ఉన్నాయి. చక్రాలు ఉత్త సిమెంటు నేల మీద ఆనుతుంటే ఈశ్వరి సంచి గట్టిగా పట్టుకుంది. అలవాటుకొద్దీ తెచ్చిన నాలుగు నిమ్మకాయలూ అందులోనే ఉన్నాయి. ఎర్రన్న ఇద్దరినీ రోజూ కూర్చునే చోట్లలో కూర్చోమన్నాడు. చక్రాల మధ్య నేలలో, కింద పనికోసం తవ్వించిన గోతిలోకి దిగి, కదలొద్దన్నాడు. కొలతలిచ్చే మనిషిలా ఆమె నిటారుగా, ఊపిరి బిగబట్టి కూర్చుంది. కింద రెంచి కిర్రుమన్నప్పుడల్లా నాగావళి వంతెన కళ్ళముందు కదిలింది. బిగించాక ఎర్రన్న ఆమెను దిగమని, ప్రతి బోల్టూ మళ్ళీ పట్టి చూపించాడు. వెళ్ళేముందు ఆమె నిమ్మకాయలు అతని బల్ల మీద పెట్టి, ఎండగా ఉంది, నీళ్ళల్లో పిండుకు తాగమంది.

ఆమదాలవలస దారిలో ఒక కల్వర్టు దగ్గర పెద్ద గొయ్యి. అది వస్తోందంటే ఈశ్వరి తలుపు పిడి పట్టుకునేది. ఆ రోజూ పట్టుకుంది. కారు గోతిలోకి దిగింది, లేచింది. ఒళ్ళు ఊగిందంతే. చప్పుడు లేదు. ఇప్పుడంటాడు, నీ నిమ్మకాయలే కదా అని ఇప్పుడంటాడు అనుకుంటూ ఆమె మొగుడివైపు చూసింది. అతను రోడ్డువైపే చూస్తున్నాడు. ఊళ్ళోకి వచ్చేశారు, అప్పటికీ అనలేదు. అంటే ఎదురు తిట్టి బరువు దించుకోవచ్చు. అనడే. ఆర్నెల్లలో ఆమెను ఇంతగా విసిగించింది ఇంకోటి లేదు.

చివరికి కొట్టుముందు కారు ఆపాక తనే అంది. "తప్పు నాదేనండీ. నేనే మిమ్మల్నందర్నీ ఆడిపోసుకున్నాను."

మురళీమోహన్ తాళాలు తీసుకుని దిగి, ఆమెవైపు తలుపు తెరిచాడు.

"నీ తప్పో నా తప్పో నాకు తేడా తెలీదు ఈశ్వరీ," అన్నాడు. "రెండూ పచ్చే."

ఆమె నవ్వలేదు. తలుపు పిడి వదిలి అతని చెయ్యి పట్టుకుని దిగింది. కొట్టుముందు అప్పటికే ముగ్గురు ఆడవాళ్ళు చీరలు పట్టుకుని నిలబడి ఉన్నారు.