మా తోడికోడలి చిగుళ్ళు

మా తోడికోడలు సూర్యావతి ఓడలరేవు పిల్ల. పద్దెనిమిదేళ్ళప్పుడు మామిడికుదురులో మా ఇంటికి చిన్నకోడలిగా వచ్చింది. అప్పటికి నేనొచ్చి ఆరేళ్ళు. ఆ ఏడే మా అత్తయ్య అచ్చాయమ్మగారు నాగుల చవితి చలిమిడి చేసే పని నా దగ్గర్నుంచి తీసి ఆమెకిచ్చారు. "పిండి కలపడం దీనికొచ్చినట్టు నీకు రాదే" అన్నారు, నలుగురిలో. అప్పట్నుంచీ చలిమిడి ఆమెది, పాలచెంబు మొయ్యడం నాది.

సూర్యావతి నవ్వితే కాలవ అవతలికి వినబడేది. కొబ్బరి దింపులప్పుడు కూలీలకి వడ్డిస్తూ నవ్వేది. వాళ్ళు మారు కూడా ఆమెనే అడిగేవారు. నాకదీ కంటగింపే.

మా ఇంట్లో పళ్ళు తోమడానికో పద్ధతుంది. పిడకలు కాల్చిన కచ్చిక బూడిదలో ఉప్పు కలిపి, పళ్ళు కిర్రుమనేదాకా వేలితో రుద్దాలి. అత్తయ్యగారు పక్కనే నిలబడి వినేవారు. ఆ కిర్రు కోసం ఒకరి మీద ఒకరం పోటీపడి, ఇద్దరం చిగుళ్ళు అరగదీసుకున్నాం. కోరపళ్ళ దగ్గర చిగురు పైకి జరిగిపోయి పచ్చటి పంటివేళ్ళు బయటపడ్డాయి. చల్లనీళ్ళు తగిలితే ప్రాణం జివ్వుమనేది.

నాకు ముందు ముదిరింది. తొంభై తొమ్మిదిలో కాకినాడలో నా అంగిట్లోంచి కండ కోసి చిగురు దగ్గర పెట్టి కుట్టారు. పంటికంటే అంగిలే ఎక్కువ ఏడిపించింది. పదిహేను రోజులు చల్లారిన జావ తాగాను.

రెండువేల ఎనిమిదిలో సూర్యావతి వంతు. అప్పటికి మూడేళ్ళుగా నవ్వొస్తే నోటికి పమిట అడ్డం పెట్టుకుంటోంది. అమలాపురంలో డాక్టరు శాంతిగారి దగ్గరికి తోడు నేనే వెళ్ళాను. ఏం చేస్తారో చూడకుండా ఇంట్లో కూర్చోగలనా?

"ఆ కచ్చిక మానెయ్యండి. ఇంకా ఆలస్యం చేస్తే ఈ రెండు పళ్ళూ నిలబడటం కష్టమండి" అన్నారు డాక్టరుగారు.

"అంగిలి కోస్తారాండీ?" అని నేనే అడిగాను, కాస్త ఆశగా.

"అక్కర్లేదండి, ఇప్పుడు పొర వస్తోంది" అంటూ ఒక పొట్లం చూపించారు. చిగురు లేపి, దాని కింద ఆ పొర పెట్టి, చిగురు కిందికి జరిపి కుట్టేస్తారట. ఆమె కండే నెమ్మదిగా అందులో అల్లుకుంటుందట.

నా ఒళ్ళు మండిపోయింది. నాకు అంగిలి కోత, ఆవిడగారికి పొట్లమా!

"దేంతో చేస్తారండీ ఇది?"

"పంది చర్మం నుంచండి. బాగా శుద్ధి చేస్తారు. అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పండి."

సూర్యావతి ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, "పెట్టెయ్యండి" అంది. మర్నాడు రమ్మన్నారు.

ఆటోలో నా చెయ్యి పట్టుకుంది. "అత్తయ్యగారికి తెలిస్తే వద్దంటారు. చెప్పకక్కా."

"ఆయ్, నాకెందుకే" అన్నాను. గుమ్మంలో చెప్పులు విప్పకముందే చెప్పేశాను. చవితి దగ్గరికొచ్చిందని కూడా గుర్తుచేశాను.

సూర్యావతి నా వైపు తిరిగింది. "నీ నోట్లో పెట్టింది నీ కండే కదక్కా. మరి నీ నోరెందుకిలా తయారైంది?"

అత్తయ్యగారు బోసినోరు చప్పరించారు. "నాకు యాభై ఏళ్ళకే అన్నీ ఊడిపోయేయి. జంతిక కొరికి ఎన్నాళ్ళయ్యిందో! ఆ పందేదో అప్పుడే వచ్చుంటే నేనూ పెట్టించుకుందును."

"మరి చలిమిడండీ?"

"అదే చేస్తుంది. పంది చిగుళ్ళో ఉంటుంది గానీ చేతుల్లో ఉండదు కదే. రేపు నువ్వే తీసుకెళ్ళు."

తీసుకెళ్ళాను. గంటన్నరలో అయిపోయింది. సాయంత్రానికి చల్లటి పెరుగన్నం మెత్తగా పిసుక్కుని తింది, నా కళ్ళముందే. చవితికి చలిమిడీ ఆమే చేసింది.

కుట్లు విప్పే రోజున చూద్దును కదా, వేళ్ళు కనబడటం లేదు. వాటి మీద లేత గులాబీరంగు చిగురు. నేనూ వెళ్ళి కుర్చీలో కూర్చుని నోరు తెరిచాను. "నాక్కూడా ఆ పొట్లం పెట్టండి."

డాక్టరుగారు అద్దం పెట్టి చూశారు. "మీకెందుకండీ? సొంత కండ కదా, తొమ్మిదేళ్ళైనా ఎంత మందంగా నిలిచిందో! పొరతో అన్నిసార్లూ ఇంత మందం రాదండి."

తిరిగొచ్చే బస్సులో సూర్యావతి నా వైపు జరిగింది. "ఏదీ, ఓసారి పెదవెత్తక్కా" అంది.

ఎత్తాను. వంగి వంగి చూసింది.

"సొంత కండే మేలన్నమాట" అంది మొహం మాడ్చుకుని. "ముందే చెప్పొచ్చుగా!"

"నువ్వడిగేవా?" అన్నాను.

మామిడికుదురు వచ్చేదాకా నాకు పెదవి దించబుద్ధి కాలేదు.