కొండ మీద ఆగాల్సిన రోజు

వచ్చే నెల మేం నలుగురు సహోద్యోగులం హిమాలయాల్లో ఒక శిఖరం ఎక్కాలనుకున్నాం. ఈ సాయంత్రం కృష్ణపట్నంలో డ్యూటీ దిగాక, టీ కొట్టు దగ్గర కూర్చుని గైడుతో ఫోన్లో మాట్లాడాం. పై క్యాంపులో ఒక రోజు ఆగి తీరాలని, పలచటి గాలికి ఒళ్లు అలవాటు పడకపోతే ప్రాణం మీదకు వస్తుందని ఆయన వివరంగా చెప్పాడు.

ఫోన్ పెట్టేయగానే మాలో పెద్దవాడైన సుధాకరన్న, అలా ఆగమని చెప్పని ఇంకో గైడును చూద్దామన్నాడు.

"ఆడ టెంటులో పడుకునేదానికా అంత దూరం పొయ్యేది? ఒక లీవు మిగులుద్ది గదా!"

"నీకు ఊపిరాడకపోతే నిన్ను కిందికి మోసుకొచ్చేది ఎవరు, అన్నా?" అన్నాను.

"నీకు భయమైతే ఇంటికాడ ఉండమ్మా. మేం మొగోళ్లం పొయ్యొస్తాం."

మిగతా ఇద్దరూ పగలబడి నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. వాళ్ల ముందే ఆ గైడుకు మళ్లీ ఫోన్ చేసి, నన్ను వేరే బృందంతో తీసుకెళ్లమన్నాను. సరేనన్నాడు.

ఇల్లు చేరేసరికి, ఆ నవ్విన ఇద్దరిలో ఒకడైన మస్తాన్ నుంచి మెసేజ్.

"అక్కా, నీ బ్యాచ్‌లో ఇంకొకరికి చోటుందా? అన్నకు మాత్రం చెప్పబాక."

చోటుంది. ఆ మాట టీ కొట్టు దగ్గరే అనుంటే నీ సొమ్మేం పోయేది నాయనా? ఇంకా జవాబివ్వలేదు. మీరైతే ఏమంటారు?