ఎడమవైపు తిరిగి

సునామీ వచ్చిన నాలుగేళ్లకు, కడుపునొప్పి ఎందుకో తేలక, పోర్ట్ బ్లెయిర్‌లో నాకు స్కానింగ్ తీశారు. బొమ్మ స్పష్టంగా పడాలని కుడిచేతి నరంలోకి మందు ఎక్కించారు. మందుతో పాటు చిన్న గాలిబుడగ కూడా వెళ్లిందనీ, దానంతటదే కరిగిపోతుందనీ, ఎందుకైనా మంచిది అరగంట ఎడమవైపు తిరిగి కదలకుండా పడుకోమనీ డాక్టరు హిందీలో చెప్పాడు. కరిగిపోయేదైతే కదలకూడదెందుకు? కదిలితే అది ఎక్కడికి పోతుంది? అడుగుదామనుకునేలోగా ఆయన వెళ్లిపోయాడు.

పక్కనున్న అమ్మకి బుడగ సంగతి అర్థమైందో లేదో గానీ, కదలకూడదన్న మాట బొత్తిగా నచ్చలేదు. సునామీ నాటికి మేము హోప్ టౌన్‌లో సముద్రపు ఒడ్డునే ఉండేవాళ్లం. క్రిస్మస్ మర్నాడు పొద్దున్నే నేల ఊగి ఆగాక, జ్వరంతో ఉన్న నాన్నతో "నువ్వు పడుకో, పిల్లని తీసుకొస్తాను" అని చెప్పి, అమ్మ ప్రార్థనకి వెళ్లిన నాకోసం మెట్ట మీది చర్చికి వచ్చింది. ఈలోగా నీళ్లొచ్చేశాయి. నాన్న మళ్లీ లేవలేదు.

ఆ తరువాత ఒడ్డుకి దూరంగా బతు బస్తీకి మారాం. నేల ఊగితే తెలిసేలా ఫ్రిజ్ మీద సగం నీళ్లున్న సీసా ఒకటి ఎప్పుడూ ఉండేది. ఆ నీళ్లు ఊగితే చాలు, తింటున్న కంచం ముందు నుంచి కూడా అమ్మ నన్ను లేపి పరుగెత్తించేది. ఎవరినీ పడుకోమనేది కాదు. రాత్రయితే లైటు ఆర్పి ఊరుకునేది.

పది నిమిషాలైందేమో, నా తలపైన సెలైన్ సీసాలో నీళ్లు ఊగాయి.

"లెగవే! భూకంప్! చల్, బయటికి చల్!" అమ్మ భుజం పట్టి లాగింది.

లేచి కూర్చున్నాను. నేల కదులుతోందా? తెలియలేదు. గుండె దడదడలాడుతున్నది భూకంపానికా, బుడగకా? లేస్తే చస్తానా, లేవకపోతే చస్తానా? ఏడుపొచ్చింది. అమ్మ మీద ఒళ్లు మండింది కూడా.

"కుఛ్ నహీ ఆంటీ! పక్క బెడ్డు జరిపితే స్టాండుకి తగిలింది, అంతే," అంది నర్సు.

అమ్మ సీసా వంక చూసింది, నా వంక చూసింది.

"లేపేసేనేటి నిన్ను? ఆ గాలి ఎటు పోయిందో ఏటో..."

నాకు మాత్రం ఏం తెలుసు? అమ్మ సీసాలో నీళ్లు నిలిచేదాకా అలాగే చూస్తూ నిలబడింది. తరువాత నన్ను నెమ్మదిగా ఎడమవైపుకి ఒరిగించి, మంచం కమ్మీ గట్టిగా పట్టుకుంది.

"పడుకో అమ్మా," అంది. "నేనెక్కడికీ ఎల్లను."