చదివి వినిపించి రా

మా తెలుగు సారు పోయారన్న మాట నాకు నిజామాబాద్ బస్టాండులో తెలిసింది. బోధన్ నుంచి వచ్చిన బస్సు కండక్టరు నన్ను చూసి, టికెట్ల సంచి చంకలో పెట్టుకుని దిగొచ్చాడు. అతనూ ఆయన దగ్గర చదువుకున్నవాడే. "అక్కా, సారు పోయిండు. నిన్న పొద్దుగాల చాయ్ తాగుకుంట కూసున్నడట, గట్లనే ఒరిగిండట," అన్నాడు. అదే బస్సెక్కి బోధన్ వెళ్ళాను. నేను వెళ్ళేసరికి అన్నీ అయిపోయాయి. అరుగు మీద ఆయన చెప్పులు మాత్రం ఉన్నాయి, ఎవరూ తీయలేదు.

ఆయన్ని పొగడబోవడం లేదు. మేము వ్యాసంలో ఎవరినైనా 'మహానుభావుడు' అని రాస్తే ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన 'ఏం చేశాడో రాయి' అని పెట్టేవారు. అదే రాస్తాను.

బళ్ళలో ఉర్దూ మీడియం పోయి తెలుగు మీడియం వస్తున్న రోజులవి. సారు చదివింది ఉర్దూలోనే. తెలుగు ఇంట్లో నేర్చుకున్నారు. పదో తరగతికి రాగానే ప్రతి ఒక్కరూ తనకు నచ్చిన విషయం మీద ఏడాదిలో ఒక నోటుబుక్కు సొంతంగా రాయాలని ఆయన నియమం పెట్టారు. పుస్తకాల్లోంచి ఎత్తి రాయకూడదు. విషయం తెలిసిన మనిషిని బడి బయట ఆయనే వెతికి పెడతారు. ఆ మనిషి దగ్గరికి వెళ్ళి, అడిగి, రాసుకురావాలి.

హెడ్మాస్టరుకు ఇది నచ్చలేదు. "గట్లయితె ఇగ మేమెందుకు సార్, బడికి తాళమేసి పోతం," అన్నారు. సారు నవ్వి, "తాళం మీకాడ్నే ఉంచుకోండ్రి, పోరగాండ్లను మాత్రం బయటికి ఇడువుండ్రి," అన్నారు.

మనుషుల్ని వెతకడంలో ఆయనది ఒకటే పద్ధతి. ఆ పనిలో పేరున్నవాళ్ళ జోలికి పోయేవారు కాదు. సైకిలు దిగి, పనిచేస్తున్న వాడెవడైనా సరే, "నీకు తెల్వకుంటె ఎవర్ని అడుగుతవ్?" అనేవారు. అతను ఒకరి పేరు చెప్తాడు. ఆ ఒకరి దగ్గరికి పోయి మళ్ళీ అదే ప్రశ్న. ఎవరో ఒకరి దగ్గర "నేన్ ఎవర్నడుగుత సార్, నన్నే అడుగుతరు" అన్న జవాబు దొరికేదాకా తిరిగేవారు. ఒక్కో నోటుబుక్కు కోసం ఆయన ఎన్ని ఊళ్ళు తొక్కారో ఆ సైకిలుకే తెలియాలి.

మొదటి ఏడు, నోటుబుక్కు చివర ఆ బయటి గురువు సంతకమో వేలిముద్రో ఉండాలన్నారు. ధర్పల్లి దగ్గర పసుపు పండించే ముసలాయన పిల్లవాడికి పసుపు ఉడకబెట్టడం, ఆరబెట్టడం అంతా ఓపికగా చెప్పి, వేలిముద్ర అనగానే లేచి నిలబడ్డాడట. "సదువు రాకుంటేంది సార్, కాయితం మీద ఏలేస్తె ఏమైతదో మా తాత నాకు జెప్పిండు," అని చేయి వెనక దాచుకున్నాడట. సారు ఆ కథ మాకు చాలాసార్లు చెప్పారు, ప్రతిసారీ తన మీదే నవ్వుకున్నారు. ఆ తరువాత వేలిముద్ర పోయింది, చదివి వినిపించడం వచ్చింది. రాసిందంతా ఆ మనిషి ఎదుట కూర్చుని పైకి చదవాలి. 'గిది తప్పు' అన్న చోట అక్కడే కొట్టేయాలి. "తెల్సినోని మొకం సూసుకుంట అబద్ధం సదువుడు కష్టం," అనేవారు.

నా విషయం చెరుకు కొట్టే ఆడవాళ్ళు. చక్కెర ఫ్యాక్టరీ నడిచే కాలంలో సరిహద్దు అవతలి నుంచి మరాఠీ వాళ్ళు బండ్లు కట్టుకుని వచ్చి, చేల పక్కన గుడిసెలు వేసుకునేవారు. ఏటా వచ్చి తెలుగు నేర్చిన ఒక పెద్దామెను సారు నాకోసం వెతికారు. నన్ను రెండుసార్లు అక్కడికి తీసుకెళ్ళారు కూడా. ఒక్క తప్పు చేశారు. మా బాపును అడగలేదు.

మా బాపు ఫ్యాక్టరీలో పాకం కాచే పెద్ద కడాయిల దగ్గర పనిచేసేవాడు. విషయం ఎవరి నోటనో విని ఇంటికొచ్చి, "నా బిడ్డ కోతోళ్ళ గుడిసెలల్ల కూసున్నదా? ఇగ బడి బందు," అన్నాడు. మా అమ్మ బీడీలు చుట్టేది. మర్నాటి నుంచి ఆమె పక్కన నాకూ ఒక చేట పెట్టారు. బాపు ఒకసారి అన్నాక వెనక్కి తీసుకునే మనిషి కాదు. నా చదువు అక్కడితో సరి అని ఊరంతా అనుకుంది, నేనూ అనుకున్నాను.

ఎనిమిది రోజులు ఆకు కత్తిరించాను. గడపవైపు చూస్తూనే ఉన్నాను. సారు రాలేదు. ఎక్కడెక్కడి మనుషులనో వెతికే ఆయన, రెండు వీధుల అవతలున్న నన్ను మరిచిపోయారు. ఆ కోపం నాకు చాలాకాలం ఉంది.

తొమ్మిదో రోజు వచ్చారు. నా సంగతి ఎత్తనే లేదు. "తప్పు నాది. నిన్నడుగకుండ తీస్కపోయిన," అని బాపుతో అని, ఆ వెంటనే, "ఇంకో పని మీదొచ్చిన. మా బడిల ఒక పిల్ల సక్కెర గురించి రాస్తున్నది. ఫ్యాక్టరీల అందర్నీ అడిగిన. తెల్వకుంటె నిన్నే అడుగుతరట," అన్నారు. బాపు పీట జరిపి సారును కూర్చోమన్నాడు. "సారు అడిగినంక కాదంటనా," అన్నాడు.

ఆ పిల్ల బట్టల దుకాణం వాళ్ళ కూతురు, నా క్లాసుదే. ఆదివారం వాళ్ళ నాయన తెచ్చి మా ఇంట్లో దిగబెట్టి, "జెర సూడు అన్నా, గంటకొస్త," అని వెళ్ళిపోయాడు. పిల్ల చదవడం మొదలుపెట్టింది. పాకం ఇన్ని గంటలు కాగాలి అని ఏదో పుస్తకంలోది చదివింది. "గడియారం సూస్తె సక్కెర గాదు బిడ్డా," అన్నాడు బాపు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి మెల్లగా విడదీసి, తీగ ఎట్లా సాగితే పాకం కుదిరినట్టో చూపించాడు. బాపు అంతసేపు మాట్లాడటం నేను అప్పుడే చూశాను. చేటలో ఆకు అట్లాగే ఉండిపోయింది.

మూడో ఆదివారం ఆ పిల్ల వెళ్ళాక, బాపు చాలాసేపు అరుగు మీద కూర్చున్నాడు. "ఒగని బిడ్డ నా ముంగట కూసున్నది. నేనెవన్నని నమ్మి పంపిండు ఆ దుకాణపాయన?" అన్నాడు అమ్మతో. తరువాత నావైపు తిరిగి, "నోటుబుక్కు తీస్కో," అన్నాడు.

తన సైకిలు మీదే నన్ను గుడిసెల దగ్గరికి తీసుకెళ్ళాడు. నేను చదువుతుంటే దూరంగా నిలబడ్డాడు. మోపులు తాడుతో కడతారని నేను రాసిన చోట ఆ పెద్దామె పకపకా నవ్వింది. "తాడెందుకే, చెరుకు ఆకుతోనే కడతం," అంది. కొట్టేశాను. సోమవారం బడికి వెళ్ళాను. సారు హాజరు పిలుస్తూ, నా పేరూ ఎప్పటిలాగే పిలిచి, అక్కడ ఆగకుండా తరువాతి పేరుకు వెళ్ళిపోయారు.

ఇప్పుడు నేనూ టీచరునే. ఇది రాయడం అయ్యాక ఎవరికి చదివి వినిపించాలా అని ఆలోచించాను. ఆయన నియమం ప్రకారం తెలిసిన మనిషికే వినిపించాలి. బాపుకు చదివాను. కళ్ళు మూసుకుని విన్నాడు. 'మరిచిపోయారు' అన్న చోట కళ్ళు తెరిచాడు.

"గిది తప్పు. కొట్టెయ్."

"ఏది బాపూ?"

"సారు నిన్ను మర్సిపోలె. గా ఎనిమిది రోజులు నా డ్యూటీ ఇడిసె యాల్లకు గేటు కాడికొచ్చిండు. సైకిలు పట్టుకొని నిలవడెటోడు. నమస్తె పెట్టెటోడు. నేను సూసి సూడనట్టు పోయెటోన్ని."

"ఇన్నేండ్ల నుంచి నాకెందుకు చెప్పలె?"

"ఏమని చెప్పాలె? నీ సారును ఎనిమిది రోజులు రోడ్డు మీద నిలవెట్టిన్నని చెప్పాల్నా?" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. అప్పుడు నాకూ ఏడుపు వచ్చింది.

ఆ వాక్యం కొట్టేయలేదు. ఇన్నేళ్ళు నేను మోసిన తప్పు అది, చదివేవాళ్ళకూ కనబడాలని ఉంచాను. ఇక సారును తలుచుకుంటే నాకు తరగతి గది గుర్తుకు రావడం లేదు. ఫ్యాక్టరీ సైరన్ మోగుతుంది. చెరుకు బండ్లు వరసగా ఆగి ఉంటాయి. గేటులోంచి మనుషులు గుంపుగా బయటికి వస్తారు. వాళ్ళలో తల వంచుకుని వెళ్ళిపోతున్న ఒక మనిషికి, రోడ్డు అవతల సైకిలు పట్టుకుని నిలబడ్డ ఇంకో మనిషి, నిన్నటిలాగే, చేయెత్తి నమస్తే పెడుతుంటాడు.