చర్చి గోడకు ఇచ్చిన కొసరు

ఆ ఏడు దీపావళి సెలవులు ముగిసి, భివండిలో మగ్గాలు మళ్లీ ఆడడం మొదలైన వారానికి మా సేటు నన్ను ఒక పాత చర్చికి కొలతలు తీయడానికి పంపాడు. కాశేలి దాటాక ఖాడీ ఒడ్డున, అంటే సముద్రపు పాయ పక్కన, ఉంది ఆ చర్చి. అప్పటికి ఆయన దగ్గర నేను పంతొమ్మిదేళ్లుగా మెజర్‌మెంట్ క్లర్కుని. మా కంపెనీలో వరుస ఇది: పైన సేటు, ఆయన కింద ఇంజనీరు, ఇంజనీరు కింద సూపర్‌వైజరు, సూపర్‌వైజరు కింద నేను. నా కింద టేపు.

నాకు కాలేజీ చదువు లేదు. లెక్క సొంతంగా నేర్చుకున్నదే. మగ్గాల షెడ్ల పొడవులు, గోడల మందాలు కొలిచి ఎం.బి.లో ఎక్కించడం నా పని. ఎం.బి. అంటే మెజర్‌మెంట్ బుక్, కొలతల పుస్తకం. అందులో రబ్బరు వాడకూడదు, పేజీ చింపకూడదు. తప్పు పడితే దాని మీద ఒక్క గీత కొట్టి, పక్కన కారణం రాసి, సంతకం చేయాలి. పంతొమ్మిదేళ్లలో నా పుస్తకాల్లో అలాంటి గీత ఒక్కటీ లేదు. ఈ సంగతి అడగనివాళ్లకు కూడా చెబుతుండేవాణ్ణి.

చర్చి చిన్నదే. ఎప్పుడో వచ్చిన భూకంపంలో దాని ముందు భాగం కూలిపోతే ఊరివాళ్లే మళ్లీ కట్టుకున్నారు. అది ఏ సంవత్సరమని చర్చిని చూసుకునే పెద్రూ కాకాను అడిగాను. తన తాతకు తాత పెళ్లికి ముందు అన్నాడు. ఆ పెళ్లి ఎప్పుడైందని అడిగాను. భూకంపం తర్వాత అన్నాడు. ఎం.బి.లో ఆ గడి ఖాళీగా వదిలేశాను.

కాగితాలు లేకపోయినా గోడలు చాలావరకు చెప్పాయి. పక్క గోడల్లో వెనకవైపు మూడేసి కిటికీలకు చెక్కిన రాతి కమానులున్నాయి. ముందువైపు నాలుగో కిటికీకి మాత్రం కర్ర దూలం. కమానుల దాకా పాత పని, దూలం దగ్గర నుంచి భూకంపం తర్వాతి పని. పాత గోడలో నల్లరాళ్లు వరుస తప్పకుండా ఉన్నాయి. తర్వాతి గోడలో కూలిన రాళ్లనే ఏరి, చేతికి ఏది అందితే అది పెట్టారు. ఒకచోట రాతి మీద చెక్కిన పువ్వు తలకిందులుగా ఉంది. గంట గోపురం మళ్లీ లేవలేదు. గంట ఆవరణలో రెండు కర్రల మధ్య వేలాడుతోంది.

ముందు గోడకు నాలుగు మీటర్ల దూరంలో, ఎండలో, ఒక రాతి తొట్టి ఉంది. పెద్రూ కాకా కోళ్లు అందులో నీళ్లు తాగుతున్నాయి. అది పాత చర్చి గుమ్మం లోపలుండే పవిత్రజలం తొట్టి అని చర్చి ఫాదర్ కొంచెం ఇబ్బందిగా చెప్పాడు. అంటే పాత గుమ్మం అక్కడుండేది. రాళ్లు చాలక ఊరివాళ్లు చర్చిని కురచ చేసి కట్టారు. తొట్టిని మాత్రం కదపలేదట. చర్చి ఎప్పటికైనా దాని దగ్గరికి తిరిగొస్తుందని పెద్రూ కాకా వంశంలో నమ్మకం.

మేం వెళ్లింది ఆ ముందు గోడ కోసమే. అది నిలువునా బీటవారింది. ఫాదర్‌కు పైనున్న చర్చి కార్యాలయం ఠాణే నుంచి ఒక ఇంజనీర్ మేడమ్‌ను పంపింది. ఆమె తేల్చాల్సింది ఒక్కటే. పునాది కదలకపోతే బీటను సున్నంతో కుట్టేస్తారు. కదిలి ఉంటే ముందు గోడ మొత్తం పడగొట్టి కాంక్రీటుతో కడతారు. ఆ గోడ కట్టినవాళ్లలో పెద్రూ కాకా పూర్వీకులు ఉన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి ఆయన మా వెనకే తిరిగాడు.

పునాది కదిలిందో లేదో చూడడానికి మొదటి పరీక్ష సులువు. ఎదురెదురు పక్క గోడలు రెండూ ఒకే పొడవు ఉండాలి. ఉత్తరం గోడను మేడమ్ లేజరు పెట్టి కొలిచింది: ఇరవైతొమ్మిది మీటర్ల నలభై సెంటీమీటర్లు. దక్షిణం వైపు పెద్రూ కాకా అరటి చెట్లున్నాయి. లేజరు ఎర్రచుక్క ప్రతిసారీ అరటాకు మీదే వాలింది. అటు చేతి టేపుతో కొలవమని నాకు చెప్పింది. మా ముప్పై మీటర్ల టేపు ఆ రోజు ధామన్‌కర్ నాకా దగ్గర ఒక షెడ్డు పనిలో ఉంది. నా జేబులో ఉన్నది ఐదు మీటర్లది. అరటి చెట్ల వెనక దూరి ముక్కలు ముక్కలుగా కొలిచాను.

ఇరవైతొమ్మిది మీటర్ల ముప్పై వచ్చింది.

మళ్లీ కొలవమంది. ఇరవైతొమ్మిది ముప్పై. మూడోసారి కూడా అంతే. నాకు లోలోపల గర్వంగానే అనిపించింది. మూడుసార్లు కొలిచి ఒక్క సెంటీమీటరు తేడా రానివాళ్లు ఎంతమంది? మేడమ్ మాత్రం పెన్ను మూత తీసింది. ముందు గోడ ఒక పక్కన పది సెంటీమీటర్లు లోపలికి తిరిగిందని, పునాది కదిలినట్టే ఉందని, పడగొట్టమని రాయాల్సి వస్తుందని చెప్పింది. ఫాదర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. పెద్రూ కాకా నా వైపు చూసి, గోడ సరిగ్గానే ఉంది, నీ టేపే వంకర అన్నాడు. నేను టేపు మీద ఉన్న సర్కారు తనిఖీ ముద్ర చూపించాను. ఆయన ముద్ర చూడలేదు, నన్ను చూశాడు.

నాలుగోసారి కొలిస్తే తప్ప అరటి చెట్ల దగ్గర నుంచి కదలనని ఆయన కూర్చున్నాడు. గోడ గార గీకడానికి మాతో వచ్చిన మేస్త్రీ ఎల్లయ్యను టేపు కొస పట్టుకోమన్నాను. ఎల్లయ్యది సిద్దిపేట దిక్కు. కొస పట్టుకుని, రెండో ముక్క దగ్గరే వదిలేశాడు.

"నర్సన్నా, జెర ఆగు. గా బొటనేలు ఏంది?"

"ఏ బొటనేలు?"

"గీతకాడ బొటనేలు పెట్టినవ్. టేపును ఏలు అవుతలికెల్లి మొదలువెట్టినవ్. గోడకు కొసరు ఇస్తున్నవా ఏంది?"

నేను నా చేతి వైపు చూసుకున్నాను. వేలు ఇంకా గోడ మీదే ఉంది.

దీనికి ముందు కథ చెప్పాలి. ఈ పనిలోకి రాకముందు పదకొండేళ్లు భివండిలోనే పద్మానగర్‌లో మా మేనమామ కట్‌పీస్ దుకాణంలో గుడ్డ కొలిచాను. మీటరు కర్ర చివర బొటనవేలు పెట్టి, గుడ్డ జరిపి, తర్వాతి మీటరు వేలి అవతల నుంచి మొదలుపెట్టాలి. వేలి వెడల్పు గిరాకీకి కొసరు. వేలు పెట్టకపోతే మామ గల్లా దగ్గర నుంచే దగ్గేవాడు. షెడ్లను పొడుగు టేపుతో ఒక్క లాగులో కొలుస్తాం, అతుకులుండవు. అందుకే ఆ అలవాటు పంతొమ్మిదేళ్లు బయటపడలేదు. చిన్న టేపు, అతుకులు కనపడగానే వేలు తన పని తను చేసుకుపోయింది.

"గోడ గిరాకీ గాదన్నా," అన్నాడు ఎల్లయ్య. "ఎంత కొసరిచ్చినా మల్ల రాదు."

ఇరవైతొమ్మిది మీటర్లకు ఐదు మీటర్ల టేపుతో ఆరు ముక్కలు, ఐదు అతుకులు. నా బొటనవేలు కొలిచాను, రెండు సెంటీమీటర్లు. ఐదు రెళ్లు పది. లెక్క ఎంత చక్కగా కుదిరిందంటే, నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఎల్లయ్య అతుకు అతుకుకీ మేకు గుచ్చుతూ పోయాడు. ఇరవైతొమ్మిది నలభై వచ్చింది. తర్వాత మేడమ్ లోపల మూల నుంచి మూలకు రెండు కర్ణాలూ లేజరుతో కొలిచింది. అవీ సమానమే. ఏ కొలతా రాని ఊరివాళ్లు, కూలిన రాళ్లతో, మూలమట్టం తప్పకుండా కట్టారు. పునాది కదలలేదు.

మేడమ్ నా ఎం.బి. నా ముందు పెట్టింది. గీత కొట్టాను. కారణం దగ్గర పెన్ను ఆగింది. టేపు జారిందని రాయనా అని అడిగాను. మూడుసార్లూ సరిగ్గా అంతే జారిందా అని ఆమె అడిగింది. అప్పుడు రాశాను: కొలిచినవాడి బొటనవేలు, ఐదుసార్లు. పెద్రూ కాకా దాన్ని చదివి వినిపించమన్నాడు. వినిపించాను. ఇంకోసారి అన్నాడు. రెండోసారి ఫాదర్ కూడా దగ్గరికి వచ్చి విన్నాడు.

కంపెనీకి తిరిగొచ్చాక సేటు ఆ పేజీ చూసి, "ఏంది నర్సయ్యా, రెండు సెంటీమీటర్లంటే పెద్ద ఏలే," అని మాత్రం అన్నాడు.

బీటను సున్నంతో కుట్టారు. పని ముగిసిన రోజు పెద్రూ కాకా నాకు అరటిపళ్లు ఇచ్చాడు. అరడజను లెక్కపెట్టి, ఏడోది పైన పెట్టి, ఎల్లయ్య దగ్గర నేర్చుకున్న తెలుగు ముక్క ఒక్కటి పలికాడు: "కొసరు." తొట్టిని అప్పటికీ కదపలేదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా సరిచూసే రెండో కొలత ఎప్పుడూ నేను తీయలేదు, పక్కనున్నవాడికి టేపు ఇచ్చేవాణ్ణి. ఒకే చేయి మూడుసార్లు కొలిస్తే అవి మూడు కొలతలు కావు, ఒక్కటే.