తెల్ల పలక మీద గీత

ఆ ఆఫీసులో అందరూ ఆయన్ని గీతలాయన అనేవారు. బొమ్మలు వేస్తాడని కాదు, దస్తూరీ గుండ్రంగా ఉంటుందనీ కాదు. గనుల్లోంచి వచ్చిన రాళ్ళను దాచిపెట్టే మేడ మీది గదిలో, ఖనిజాన్ని గరుకు పింగాణీ పలక మీద గీసి, ఆ గీత ఏ రంగో చెప్పడం ఆయన ఉద్యోగం. ఇంతేనా అంటే ఇంతే. కానీ రాయి పైరంగును నమ్మడానికి లేదు. గాలి తగిలితే ఒకలా, వెలుగు తగిలితే ఒకలా మారిపోతుంది. పొడి అయినప్పుడే దాని అసలు రంగు బయటపడుతుంది.

పందొమ్మిదో ఏట పెట్టెలు మోయడానికి చేరాడు. చదువు బడితోనే సరి. ఒకరోజు అప్పటి పెద్ద ఆఫీసరు పలక మీద రెండు ఎర్ర గీతలు చూసి రెండూ ఒకటేనని తేల్చేస్తుంటే, భుజం మీది పెట్టె దించుతూ ఊరుకోలేక, ఒకదాన్లో కొంచెం ఊదా ఉందండీ అన్నాడు. ఆఫీసరు మళ్ళీ చూశాడు. నిజమే. మర్నాటి నుంచి పెట్టెలు మాన్పించి పలక ముందు కూర్చోబెట్టాడు. అప్పటికి ఇప్పటికి ముప్ఫై ఎనిమిదేళ్ళు. పెద్దపెద్ద చదువుల వాళ్ళు వచ్చారు, బదిలీ అయి పోయారు, ఆయన కుర్చీ మాత్రం కదల్లేదు. ఆ కన్నే ఆయన డిగ్రీ. దాని గురించి కాస్త పొగరు కూడా ఉండేది, దాచడం దేనికి?

ఆ గదికి ఒక పద్ధతి ఉంది. గీత చూసి రంగు చెప్పేవాళ్ళకు ఆ రాయి ఏమయ్యుంటుందో ముందుగా తెలియకూడదు. తెలిస్తే కన్ను రంగును చూడదు, పేరునే చూస్తుంది. రాసేవాళ్ళు పలకకు వీపు పెట్టి కూర్చుని, విన్నది విన్నట్టు, అక్షరం మార్చకుండా రిజిస్టర్లో ఎక్కించాలి. ఆ వెంటనే పలక కడిగేయాలి.

పద్ధతి ప్రకారమే ఆ నెల మొదట్లో ఒక ఎర్రటి ముక్కను గీశాడు. మూతపడిన వెండి గని నుంచి వచ్చిన పెట్టె అడుగున, దూదిలో చుట్టి దొరికింది. గోరంత కూడా లేదు, పైగా గోటితో ఒత్తితే నలిగేంత మెత్తన. మేడం వీపు తిప్పి పెన్ను పట్టుకుంది. మేడం అంటే ఆఫీసరే, ఆయన కూతురి ఈడుది, ఆయన్ని బాబాయ్ అని పిలుస్తుంది. ఆయన గీసి, నారింజ కలిసిన పసుపు అన్నాడు. పెన్ను ఆగిపోయింది. ఇంకోసారి చెప్పమంది. ఇంకోసారీ అదే అన్నాడు.

అప్పుడు గానీ ఆమె సంగతి విప్పలేదు. ముక్కలో ఉన్నవి వెండి, ఆర్సెనిక్, గంధకం. ఈ జాతిని సల్ఫోసాల్టులంటారు. ఇవే మూడు సరుకులు, ఇవే పాళ్ళలో కలిసి రెండు ఖనిజాలవుతాయి. అణువుల అమరిక ఒక్కటే తేడా. ఒకటి ప్రౌస్టైట్, గీత ఎరుపు, ఆ గదిలోనే ఒక సొరుగు నిండా ఉంది. రెండోది జాంథోకొనైట్, గీత నారింజ పసుపు, అరుదంటే అరుదు, ఆ గదిలో ఎన్నడూ అడుగుపెట్టలేదు. రసాయన పరీక్ష రెండింటినీ విడదీయలేదు. స్ఫటికం ఆకారం చూద్దామంటే ముక్క విరిగిపోయి ఉంది. ఎక్స్-రే యంత్రం ఉన్నచోట వరుసలో నిలబడితే ఏడాది పడుతుంది. ఇక మిగిలింది గీత. గీత అంటే ఆయన.

జాంథోకొనైట్ అని కొత్త చీటీ రాసి సొరుగుకు అంటించారు. మేడం రిపోర్టు మొదలుపెట్టింది. ఆయన పదిరోజులు నేల మీద నడవలేదు.

పదకొండో రోజు ఇంట్లో దిండు గలీబు దగ్గర గొడవైంది. ఉతికినవి మడతపెడుతున్న భార్యతో, ఈ పసుపుపచ్చ గలీబులు ఎప్పుడు కొన్నావని అడిగాడు. తెల్లవాటిని పట్టుకుని పచ్చవంటారేంటని ఆమె ఒంటికాలి మీద లేచింది. తన కన్ను గురించి తనకే చెబుతోందని ఆయన మండిపడ్డాడు. చివరికి పక్కింటివాళ్ళను పిలిచి అడిగింది. తెలుపే అన్నారు.

ఆయన వాదన ఆపేశాడు. గలీబు సంగతి ఎవడిక్కావాలి? పలక కూడా తెల్లదే.

కళ్ళ డాక్టరు దీపం వేసి చూసి రెండు కళ్ళలోనూ శుక్లాలున్నాయన్నాడు. అందరూ అనుకునే తెల్లటివి కావట, పసుపు తిరిగి ముదిరేవట. ఎంతకాలంగా అంటే, నెమ్మదిగా వస్తుంది కాబట్టి మీకే తెలిసి ఉండదు, రెండు మూడేళ్ళు కావచ్చన్నాడు. సోమవారం ఒక కంటికి ఆపరేషన్ పెట్టుకున్నాడు. ఆపరేషన్ అంటే ఆయనకు భయం లేదు. పసుపు అద్దంలోంచి చూస్తే ఎర్ర గీత నారింజగా కనబడదా? అదీ ఆయన్ని తినేస్తున్న ప్రశ్న.

మర్నాడు గదిలో ఎవరూ లేనప్పుడు ప్రౌస్టైట్ సొరుగు తెరిచి ఒక ముక్కను గీశాడు. ఎరుపే కనబడింది. హమ్మయ్య అనుకునేలోపే ఇంకో అనుమానం వచ్చింది. అది ఎరుపని తెలిసి గీశాడు కదా. పేరును చూశాడా, రంగును చూశాడా? మళ్ళీ గీశాడు. ఈసారి నారింజ అనిపించింది. మూడోసారి ఏమీ తేలలేదు.

మూడు రోజులు మేడం బల్ల దాకా వెళ్ళి, కిటికీ తెర సర్ది వెనక్కి వచ్చాడు. ఏంటి బాబాయ్ అంటే ఎండ పడుతోందమ్మా అన్నాడు. చెబితే ఏమవుతుందో తెలుసు. గుడ్డివాడు రంగులు చెప్పాడంటారు. ముప్ఫై ఎనిమిదేళ్ళ మాటంతా ఆ ఒక్క మాట కింద పడిపోతుంది. చెప్పకపోతే? అసలు ముక్కలో ఇప్పుడు మిగిలింది ఆవగింజంత. దాన్ని మళ్ళీ గీసే సాహసం ఎవరూ చేయరు. తప్పైనా దొరకదు. దొరకదన్న ఆలోచన వచ్చినందుకే ఆయనకు తన మీద తనకు అసహ్యం వేసింది.

నాలుగో రోజు ఆపరేషన్ ముందు పరీక్షలకు తీసుకెళ్ళడానికి భార్య ఆఫీసుకే వచ్చింది. ఆయన భయం ఏమిటో ఆమెకు తెలుసు, ఏ రంగైతే మంచిదో మాత్రం తెలియదు. అదే సమయానికి మేడం రిపోర్టును కవర్లో పెడుతోంది. ఆ కవరు చూసేసరికి ఆయన నోరు దానంతటదే తెరుచుకుంది.

"అది పంపకండమ్మా. నా కళ్ళలో శుక్లాలున్నాయి, రెండు మూడేళ్ళుగా ఉండొచ్చట. తెలుపు నాకు పచ్చగా కనబడుతోందని మొన్నే తెలిసింది. ఆ రోజు నేను చెప్పిన రంగు నిజమో కాదో నాకే తెలీదు."

మేడం కవరు కింద పెట్టింది. కోపం వచ్చింది, అది ముఖంలో కనబడింది. ఇన్ని రోజులు ఎందుకు దాచారని అడగబోయి మానుకుంది. సొరుగులోంచి ఆవగింజంత ముక్కను చిన్న పట్టకారుతో పైకి తీసింది. గీస్తే చాలావరకు పోతుంది. గీయకపోతే ఆ చీటీని ఎవరూ నమ్మలేరు.

"నాకు పేరు తెలుసు, నా కన్నూ పనికిరాదు," అంది. తర్వాత గుమ్మం దగ్గరున్న ఆయన భార్య వైపు తిరిగింది. "పిన్నీ, మీరు చూసి చెప్తారా?"

ఆమె బెదిరిపోయి భర్త ముఖం చూసింది. ఏమని చెబితే ఈయన గట్టెక్కుతాడో ఆ ముఖంలో వెతికింది. ఆయనకది అర్థమైంది. రిజిస్టరు అందుకుని, పలకకు వీపు పెట్టి కూర్చున్నాడు.

మేడం గీస్తే గరుకు పలక మీద ముక్క కీచుమంది. ఆ చప్పుడు ఎన్ని వేలసార్లు విన్నాడో, వీపు వెనక నుంచి వినడం ఇదే మొదలు.

ఆమె ఆయన వీపునే చూస్తూ ఉండిపోయింది కాబోలు. చివరికి నెమ్మదిగా అంది.

"తెల్ల పలక మీద ఎర్ర గీతండీ. ఇటుక పొడిలా ఉంది."

"పసుపేమైనా ఉందా?" మేడం అడిగింది.

"పసుపెక్కడుందమ్మా? ఎరుపే."

ఆయన రాశాడు. విన్నది విన్నట్టు, తెల్ల పలక మీద ఎర్ర గీత అని, ఇటుక పొడితో సహా. ఆయన ముందున్న కాగితం పచ్చగానే ఉంది. కన్నీళ్ళు వచ్చాయి, తుడుచుకోలేదు.

ముక్క మామూలు ప్రౌస్టైటే. మేడం కవర్లోంచి రిపోర్టు బయటికి లాగి బల్ల మీద పెట్టింది. మూడేళ్ళలో మీరు చెప్పినవెన్ని అని అడిగింది. నూట పద్నాలుగు అన్నాడు, పుస్తకం చూడకుండానే.

"కన్ను బాగు చేయించుకుని రండి బాబాయ్. నూట పద్నాలుగూ మళ్ళీ గీద్దాం. అప్పటిదాకా చెప్పేవాళ్ళను నేను వెతుకుతాను, రాసేది మీరే."

ఆయన తలూపాడు. రిజిస్టర్లో ఆ వరుసలో ఇంకొక్క గడి ఖాళీగా మిగిలింది. రంగు చూసినవారు అని పైన అచ్చువేసిన గడి అది. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా తన పేరు తప్ప మరో పేరు ఎరగని ఆ గడిలో భార్య పేరు రాసి, రిజిస్టరు మేడం వైపు తిప్పాడు.